గ్యాసు కోడలు

"అద్దం దించావంటే ఏసీ గ్యాసంతా పోతుంది!"

కారెక్కిన ప్రతిసారీ మా ఆయన వెంకటనారాయణ తల తిప్పకుండా అనే మాట ఇదే. ముందు సీటు అత్తగారిది. ఆవిడ రాకపోయినా అది నాది కాదు. అద్దాలన్నీ బిగించి ఆయన సిగరెట్ కాలుస్తాడు, వెనక నాకు కడుపులో తిప్పుతుంది. బూర్గంపాడు నుంచి అడవి దారంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంటాను. ఒకసారి ఆపుకోలేక ఆ కొంగులోనే కక్కుకుంటే, "సీటుకి అంటలేదు కదా?" అని అడిగాడు మహానుభావుడు. ఇంటికెళ్లాక సీటు తుడిచిందీ నేనే.

ఏటా ఎండలు ముదిరేసరికి ఏసీ చల్లగా రావడం మానేస్తుంది. ఇంకేముంది, నేరం నాదే. ఎప్పుడో గాలి కోసం వేలెడంత అద్దం దించిన పాపానికి అత్తగారు భారతమ్మ నాకు 'గ్యాసు కోడలు' అని పేరు పెట్టింది. పెళ్లిళ్లలో కూడా అదే పిలుపు, పకపకా నవ్వులు. నేనూ నవ్వేదాన్ని, సిగ్గు లేకుండా. ఖమ్మం అవతల కూసుమంచిలో మా అమ్మకి బాగాలేదని కబురొస్తే, "దారిపొడుగునా కక్కుతావు, అద్దాలు దించుతావు, ఈ ఎండల్లో నీకు ప్రయాణమెందుకు?" అని ఆపేశాడు. బస్సులో పోతానంటే పరువు పోతుందట.

ఇవాళ ఏసీ బాగుచేయించడానికి పాల్వంచలో మెకానిక్ సర్వర్ షెడ్డుకి కారు తెచ్చాడు. ఆయనకి హోటలు తిండి పడదు కాబట్టి క్యారియర్ విప్పి వడ్డించడానికి నన్నూ తెచ్చాడు. ఆయన తిన్నాక వెనక కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్నాను. రేకు గోడకి అవతల సర్వర్ గొంతు.

"సార్, సబ్బు నురగ పెట్టి చూసిన. గీ జాయింట్ కాడ బుడగలు లేస్తున్నయ్. పోయినేడు గూడ చెప్పిన గద, లీకు ఈడనే ఉందని. పైపు మార్చకుంటే ఎంత గ్యాస్ నింపినా ఆగది."

"మార్చెయ్ ఈసారి. మా ఆమె ముందట మాత్రం లీకు మాట ఎత్తకు. అద్దం దించితే గ్యాస్ పోతదనుకుంటది. గట్లనే అనుకోనీ, నోరు మూసుకుని కూసుంటది."

"సల్లదనం పోతది గానీ గ్యాసెందుకు పోతది సార్?"

"నాకు తెల్వదా ఏంది?" అని నవ్వాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది. తెలుసు. పోయినేడే తెలుసు. తెలిసే, నలుగురిలో నన్ను చూసి నవ్వాడు. తెలిసే, మా అమ్మ దగ్గరికి పోనివ్వలేదు. ఛీ, ఇలాంటివాడి ఎంగిలి గిన్నెలా నేను తోముతున్నది! సబ్బుతోనే వాటినక్కడ వదిలేసి లేచాను.

పైపు మార్చడం అయ్యాక కారు కదిలింది. ఏసీ చల్లగా కొడుతోంది. ఆయన సిగరెట్ వెలిగించాడు. నేను అద్దం మొత్తం దించాను.

"ఏమే, పిచ్చెక్కిందా? గ్యాసు..."

"పోదు. మీకు తెలుసు."

ఆయన మెడ ఎర్రబడింది. బస్టాండు ముందు బ్రేకు వేశాడు. "అద్దమెత్తు. లేదా దిగు."

దిగాను.

"ఎక్కవే, అందరూ చూస్తున్నారు!" అంటున్నాడు వెనక నుంచి. ఖమ్మం బస్సు కదలబోతోంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. దానికి అద్దమే లేదు.