తల్లినోటికి ఓర్చిన మేను

భాద్రపదమాస ప్రభాతవేళ నీలజలదమండలావృతమైన హైదరాబాదు మహానగరము వర్షధారాస్నాతమై మసకవెలుతురున మేలుకొనుచుండగా నగరోపాంతమునందలి యొక పరిశోధనాలయమున మాత్రము ఏ ఋతువును లోనికి రానేరక వాకిటనే నిలిచియుండెను. అచట వానయు లేదు ఎండయు లేదు. దీపములు వెలిగిన తెల్లవాఱును, ఆఱిన ప్రొద్దుగ్రుంకును. గాజుగోడల వెనుక వరుసలుగ నిలిచిన పారదర్శకపేటికలయందు ధవళరోమశోభితములగు చిట్టెలుకలు అత్తవారింట మకాము వేసిన అల్లుండ్రవలె పనిపాటులు లేక తినుచు పరుండుచు మర్యాదలందుచుండెను.

ఆ మూషికసామ్రాజ్యమునకు అధినేత్రి గౌరీశ్వరి. విజయనగరప్రాంతమున పుట్టిపెరిగిన ఆ విదుషీమణి చర్మపుపొరలను ఒండొంటితో బంధించు సూక్ష్మతంతువునకు మూలమైన జన్యువును తొలగించి ఎలుకలను పుట్టించుచుండెను. ఆ జన్యులోపము తల్లిదండ్రులిరువురినుండియు సంక్రమించిన మానవశిశువునకు చర్మము ఒరసినంతనే బొబ్బలెక్కి యూడివచ్చును. ఈ ఎలుకపిల్లల గతియు నదియే. బిడ్డను మెడపట్టి నోట కఱచి గూటికి చేర్చుట తల్లియెలుకకు జాతిధర్మము కాగా ఆ మాతృవాత్సల్యమే వీనికి మృత్యువగుచుండెను. లోపించిన జన్యువును మరల చర్మమునకందించు మందును ఏండ్లతరబడి కూర్చిన గౌరీశ్వరి దానిని పుట్టినవెంటనే యొక పిల్ల మేనికెల్ల పట్టించి మెత్తని కాగితపుపీచు గూటినుండి కదలనీయక కాపాడుకొని వచ్చెను. నేడు దానిని గూటికి దూరముగ నుంచి తల్లినోటికి ఒప్పగించుటయే పరీక్ష.

గాజుగోడకీవల ఆమె మేనమామ అప్పలసూరి నిలిచియుండెను. పెండ్లిపందిళ్లలో వియ్యంకుల చెప్పులు దాచుటయందు అసమానప్రజ్ఞుడని పేరొందిన ఆ మహానుభావుడు గోడకమర్చిన ఫోను చేపట్టి మేనకోడలిపై పరిహాసబాణము సంధించెను.

“ఏటే గుంటా, మన పొలాల్లో ఎలకల్ని సంపడానికి మందెడతాం. నువ్వేటి, బతికించడానికి ఎడతన్నావు? మతి గాని పోయిందేటి?”

“మతి ఉన్నోళ్లెవరైనా నీకు మేనకోడలుగా పుడతారా మావా? ఉస్, అటు చూడు.”

పరాయివాసన సోకినచో తల్లి బిడ్డను చంపునను భయముచే చేతితొడుగులను గూటిపీచుతో రుద్దుకొని గౌరీశ్వరి పిల్లను దోసిట నెత్తి పేటిక మూలనుంచెను. తల్లి వచ్చినది. వాసన చూచినది. మొగము త్రిప్పుకొని మరలిపోయినది.

“అలిగిందే! అచ్చం మీ అత్తే!”

“ఊరుకో మావా.”

ఆ పలుకు విని అప్పలసూరి నవ్వు మాని గాజుగోడకు నుదురానించెను. ఆయన మనుమరాలు మంగకును ఆ చర్మవ్యాధియే. వీథిలోని పిల్లలనెల్ల భుజములకెక్కించుకొని గంతులువేయు ఆ తాత తన మనుమరాలిని మాత్రము పుట్టిననాటినుండి ఒక్కమారైనను చంకలక్రింద చేతులువేసి ఎత్తియెఱుగడు.

తల్లియెలుక మరల వచ్చినది. నోరు తెఱచి పిల్లమెడను గట్టిగ పట్టి ఈడ్చుచు ఎత్తుచు పేటిక ఆ కొననుండి ఈ కొనకు చేర్చి గూటిలో విడిచినది. గౌరీశ్వరి పిల్లను దీపము క్రిందకు తెచ్చి భూతద్దమున పరికించెను. పంటిగుర్తులు కలవు. బొబ్బ లేదు. పొర ఊడలేదు.

“నిలిచింది మావా! తోలు నిలిచింది!”

“మరైతే మా మంగకి?”

“ఇది ఎలక మావా. మనుషుల దాకా రావాలంటే ఇంకా ఏళ్లు పడతాది. వస్తాదని కూడా మాటివ్వలేను.”

“మాట నేనడిగానా?” అని అప్పలసూరి కండువాతో కన్నులొత్తుకొని వెనుకనున్న కాపలావానిని మోచేత పొడిచెను. “సూసినావా? ఆ గుంట మా గుంటే! ముక్కు కూడా మా ఇంటి ముక్కే!”

ప్రాణి ప్రాణిని తాకియు నొప్పింపకుండుటకు మించిన వరము లోకమున వేఱొండు కలదా! గాజునకు ఆవల ఒకరును ఈవల ఒకరును నిలిచి చూచుచుండగా గౌరీశ్వరి మరల గూటనుంచిన యా పిల్ల తల్లిపొట్టను వెదకికొని కుడువసాగెను. పల్చని దాని పొట్టలో దిగిన పాలు చెక్కుచెదరని చర్మముగుండ తెల్లగా వెలుగుచుండెను.