బోసి నుదురు

తలుపులమ్మ పూతరేకుల పిండిపాలలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగింది. తెల్లటి పొర చుర్రుమని ఆరి అంచుల దగ్గర లేచింది. దాన్ని చిరగకుండా ఎత్తి పళ్లెంలో వేసి, కుండ కింది మంటలోకి ఎండు కొబ్బరాకు మరికొంచెం తోసింది. సన్నటి మనిషి. ఏళ్ల తరబడి ఆ మంట ముందే కూర్చోవడంతో ముంజేతుల మీద వెంట్రుకలు మాడిపోయాయి. నుదుటి మీద చెమట తప్ప ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడమే ఆత్రేయపురంలో వాళ్ల వీధికి ఏడాదిగా పెద్ద మాట.

పక్కన రేకులు పేరుస్తున్న పొరుగింటి చిట్టెమ్మ నవ్వింది. "ఏమ్మా సిస్టరూ, రేకు చిరిగితే మీ ప్రభువు అతికించి పెడతాడా?"

"చిరక్కుండా లాగమనే చేతులిచ్చాడు కదే."

లోపల మంచం మీద పల్లంరాజు మూలిగాడు. అతను కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసేవాడు. ఏడాది కిందట తలుపులమ్మ కాలవలో బాప్తిస్మం తీసుకుని బొట్టు మానేసింది. నెల తిరక్కుండా అతను చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. మొగుడుండగా బోసి నుదురేంటని, ఆ నుదురే వాణ్ణి పడేసిందని అత్తవారి వైపు వాళ్లంతా అన్నారు. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆమె ఎదురు రాకుండా తప్పుకునేవారు. ఒక్కోసారి ఆమెకే అనుమానం వచ్చేది. అప్పుడు రేకు చిరిగిపోయేది.

అతనికి గుక్కెడు నీళ్లు పట్టడానికి లోపలికి వెళ్లింది. వీపు పుళ్లు ముదిరి అతని ఒళ్లు కాలిపోతోంది. ఇంక చెయ్యగలిగింది లేదని డాక్టరు మొన్ననే ఇంటికి పంపేశాడు.

"అక్కొస్తుందంట ఇయ్యాల," అన్నాడు. "ఒక్క బొట్టు పెట్టుకోవే. నా కోసం."

"నీ కోసం ఏం చెయ్యమన్నా చేస్తానయ్యా. ఇదొక్కటీ అడక్కు."

"నేను పోతే నిన్ను బతకనియ్యరే."

ఆమె కొంగుతో అతని పెదాలు తుడిచింది.

"మొండిదానివి," అని అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం ఆమె చేతిలోంచి తీసుకోలేదు.

మధ్యాహ్నం ఆమె గంజి తీసుకుని వెళ్లేసరికి ఆ చెయ్యి చల్లబడి ఉంది.

బస్సు దిగిన ఆడపడుచు నాగదుర్గ ఏడుస్తూనే లోపలికి వచ్చింది. ఏడుపు కాస్త తగ్గగానే కుంకుమకీ గాజులకీ కొట్టుకు మనిషిని పంపింది. శవం లేచేముందు ఇల్లాలిని పెళ్లికూతురిలా ముస్తాబు చేస్తారు. పదకొండో రోజున బొట్టూ గాజులూ అన్నీ తీసేస్తారు. నాగదుర్గ వేళ్ల నిండా కుంకుమ తీసుకుంది.

"రా, కూర్చో."

"వద్దు వదినా."

"నీ పంతానికి తమ్ముణ్ణి మింగావు. వాడు పోయేటప్పుడైనా పెట్టుకోవే!"

"ఆయన నోరు తెరిచి అడిగినా పెట్టుకోలేదు. ఇప్పుడు తుడవడానికి పెట్టుకుంటానా?"

నాగదుర్గ చెంప మీద కొట్టింది. కుంకుమ నేలంతా చిందింది.

"ఇది పెట్టుకోందే పాడె లేవదు. మీ పాస్టరొచ్చి మోస్తాడేమో, చూస్తాను!"

వాకిట్లో మగవాళ్లు కదల్లేదు. తలుపులమ్మకు కంఠతా పట్టిన బైబిలు వాక్యాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. ప్రభువా, ప్రభువా అని మాత్రం లోపల అనుకుంటూ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మీ తమ్ముడికి మీ పద్ధతిలోనే చెయ్యండి. నేనడ్డు రాను. నా నుదురు మాత్రం వదిలెయ్యండి వదినా."

ఎండ వాకిలి దాటి గోడెక్కింది. శవం మీద ఈగలు ముసురుతున్నాయి. ఆమె నిలబడే ఉంది. చివరికి కులపెద్ద రాముడు లేచి కండువా దులుపుకున్నాడు.

"ఆ పిల్ల మాట మారదు. పొద్దాగదు. పట్టండర్రా."

పాడె లేచింది. ఆమె గుమ్మంలోంచే, అది మలుపు తిరిగేదాకా చూసింది. నాగదుర్గ సంచీ అందుకుని, "ఇయ్యాల్టితో ఈ ఇంటికీ మాకూ తెగిపోయింది," అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆమె వెంట వచ్చిన ఆడవాళ్లూ వెళ్లారు.

అరుగు మీద, పేపరు పొట్లం చిరుగులోంచి డజను ఆకుపచ్చ గాజులు కనిపిస్తున్నాయి, కొట్టువాడు కట్టిన దారంతో అలాగే.