సుగుణకుమారి ఆంటీ దూరంగా కూర్చున్న రోజు

మంగళవారం, శుక్రవారం పొద్దున్నే సుగుణకుమారి ఆంటీ యూనివర్సిటీ ల్యాబ్‌కి వచ్చి ఎలుకల గది తుడిచేది. ఆమె దగ్గరికొస్తే ఏ తలుపూ మూసుకుని ఉండదు. చెయ్యి వెయ్యనక్కర్లేదు, గడియలు వాటంతటవే జారిపోతాయి. ఈ పరాయి దేశంలో, మేముండే సన్నీబ్యాంక్ పేటలో మన తెలుగు చర్చివాళ్లు కారు తాళాలు పోగొట్టుకుంటే ఆమెకే ఫోన్ చేస్తారు. ఆమె బస్సెక్కి వచ్చి, కారు పక్కన ఓ నిమిషం నిలబడి, టీ ఇస్తే తాగి వెళ్తుంది.

ఆ ల్యాబ్‌లోనే తెనాలి పిల్ల ఎల్సా పీహెచ్‌డీ చేస్తోంది. మెదడులో పుట్టే కేన్సర్ గడ్డలోకి రేడియేషన్ మందును చేర్చడం ఆమె పని. మెదడు రక్తనాళాల గోడ మహా మొండిది, మందును లోపలికి రానివ్వదు. అలాంటిది ఎల్సా మందు ఎలుకల గడ్డల్లోకి చక్కగా చేరింది. ప్రొఫెసర్ మురిసిపోయాడు. ఆస్పత్రిలో ముగ్గురు రోగుల మీద పరీక్షకు అనుమతి కూడా వచ్చింది.

ఆ ముగ్గురిలో ఒకడు ఆంటీ భర్త జోజయ్య. ముందు కాస్త మందు ఎక్కించి స్కాన్ తీస్తారు. గడ్డలో మందు మెరిస్తే దాంతోనే వైద్యం మొదలెడతారు. మెరవకపోతే ఇంటికి పంపేస్తారు. ఆయనకు ఇంకో దారి లేదు.

స్కాన్‌కు వారం ముందు ఎల్సా నోట్‌బుక్ తిరగేసింది. మందు బాగా చేరిన ఎలుకలన్నీ మంగళవారమో, శుక్రవారమో మందు ఎక్కించినవే. మిగతా రోజుల అంకెల్ని తన చేతి పొరపాట్లనుకుని తనే పక్కన పడేసింది. ఆంటీ ముందు ఆ గోడ కూడా తలుపై తెరుచుకుందన్నమాట. స్కాన్ రోజు గదిలో ఉండమని ఆంటీకి చెప్పాలి. చెబితే మూడేళ్ల చదువు తనది కాదని తేలిపోతుంది. ఇంత చదువుకున్న పిల్లకి ఆ నాలుగు మాటలూ గొంతు దాటలేదు.

స్కాన్ నాడు ఆంటీయే అడిగింది. "నేనిక్కడుంటే స్కాన్ గది సీసం తలుపు తెరుచుకుంటుందేమోనమ్మా. రేడియేషన్ బయటికొస్తే నీకు మాటొస్తుంది. దూరంగా పోయి కూర్చోనా?"

"కార్ పార్క్‌లో కూర్చోండి ఆంటీ," అంది ఎల్సా.

స్కాన్‌లో గడ్డ నల్లగానే ఉంది. మిగతా ఇద్దరికీ అంతే. మనుషులు ఎలుకలు కారుగదా అన్నాడు ప్రొఫెసర్. ఎల్సా థీసిస్‌లో ఆ మాటే నలభై పేజీలు రాసింది, సిగ్గులేకుండా.

ఏడు వారాలకు జోజయ్య పోయాడు. సమాధి చేసిన రోజున గానీ, జ్ఞాపకార్థ కూడిక నాడు గానీ ఎల్సా వెళ్లలేదు. ఇంట్లో గడియ పెట్టుకుని కూర్చుంది. కూడిక జరిగిన మధ్యాహ్నం ఆ గడియ దానంతటదే జారింది. గుమ్మంలో ఆంటీ, చేతిలో కోడిపలావు డబ్బా.

"నువ్వు రాలేదని నీ వంతు తెచ్చా. చిక్కిపోయావేంటే?" అని డబ్బా బల్ల మీద పెట్టింది. వెళ్లబోతూ నెమ్మదిగా అడిగింది. "ఆ రోజు కార్ పార్క్ ఆ చివరిదాకా పోయి కూర్చున్నానమ్మా. ఒక్క తలుపూ తెరుచుకోలేదుగా? నీకు మాట రాలేదుగా?"

"రాలేదు ఆంటీ."

ఆంటీ తృప్తిగా తలూపి బస్సుకు వెళ్లిపోయింది. ఎల్సా లేచి తలుపు మూసి గడియ పెట్టబోయింది. అది పడలేదు. నెల తర్వాత ఇల్లు మారింది. అక్కడా పడలేదు.