రెండో దెబ్బ

మూడు నెలల్లో అరవై రెండు కచేరీలు చేసిన చెయ్యి అది. కుడి మణికట్టు ఉబ్బిపోయి గ్లాసు కూడా పట్టుకోలేని స్థితి వచ్చేసరికి డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు: పది రోజుల్లోపు డోలు ముట్టుకుంటే ఇక జన్మలో ముట్టుకోనక్కర్లేదు. అక్క హడలిపోయి అతన్ని ఈ కొండల మధ్య సరస్సు ఒడ్డుకి లాక్కొచ్చింది. బృందంలో ఆమె పాడుతుంది, అతను వాయిస్తాడు. అసలు పేరు ఏమైనా, లోకానికి అతను దరువు.

విశ్రాంతి అందరికీ సుఖమేమో గానీ దరువుకి మాత్రం శిక్ష. లాడ్జి గదిలో కంచం, కుర్చీ, మంచం కోడు, దేన్నీ వదల్లేదు. నాలుగో రోజు పొద్దున అక్క ఓపిక నశించింది.

"ఒరేయ్, చేతులు జేబుల్లో పెట్టుకోరా!"

"జేబుల్లో పెడితే తొడ మీద వాయిస్తానే అక్కా."

"అయితే కట్టి పడేస్తా. నేను స్నానం చేసొచ్చేలోగా ఒడ్డున అలా తిరిగిరా. దేన్నీ ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతా."

బయట మంచు సరస్సుని మింగేసింది. తెల్లవారకముందే వెళ్ళిన చేపల పడవలు ఇంకా లోపలే ఉన్నాయి. రేవులో స్తంభానికి వేలాడే ఇనప రేకుని కాపలా తాత సుత్తితో కొడుతున్నాడు. ఒక దెబ్బ, ఐదు లెక్కల ఖాళీ, మళ్ళీ ఒక దెబ్బ. మంచు పట్టిన రోజున పడవలు ఆ చప్పుడు పట్టుకునే రేవు చేరతాయని లాడ్జి యజమానురాలు మొదటిరోజే చెప్పింది. దరువు విన్నాడు కూడా. కానీ అతని చెవిలో మిగిలింది ఆ సంగతి కాదు, ఆ ఐదు లెక్కల ఖాళీ.

రేవుకి రెండు వందల అడుగుల దూరంలో, బండరాళ్ళ పక్కన, బోర్లించిన రేకు పడవ ఒకటి ఉంది. దాని మీద కూర్చున్నాడు. తాత కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. పాపిష్టి ఎడమ చెయ్యి దానంతటదే లేచి పడవ అడుగున ఠంగుమని పడింది. ఎంత బాగుందో! నాలుగు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. తాత దెబ్బ, తన దెబ్బ. తాత, తను. కళ్ళు మూసుకుని నవ్వుకుంటూ కొట్టాడు.

"రేవెటురా? ఇటా, అటా?" అని మంచులోంచి ఎవరో అరిచారు.

కళ్ళు తెరిచేలోగా ఒక చేపల పడవ వచ్చి బండలకి గుద్దుకుంది. చెక్కలు ఫెళ్ళున విరిగాయి. ఒక మనిషి నీళ్ళలోంచి పాక్కుంటూ బండ ఎక్కాడు. చేతిలో విరిగిన తెడ్డు ఉంది. పడవ కింద, రాళ్ళ సందులో, ఇంకొకడు "అన్నా! కాలు! నా కాలు!" అని పెడబొబ్బలు పెడుతున్నాడు.

అన్న తమ్ముడి వైపు కాదు, రేకు పడవ వైపు చూశాడు. దాని మీద ఇంకా పైకెత్తి ఉన్న చేతిని చూశాడు.

మొదటి దెబ్బకి దరువు మూతి పగిలింది. రెండోదానికి పక్కటెముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. కింద పడి, ముడుచుకుని, కుడి చేతిని పొట్ట కింద దాచుకున్నాడు. అదే అతని కొంప ముంచింది. ఏది దాచుకుంటున్నాడో అన్న కనిపెట్టాడు. ఆ చెయ్యి బయటికి లాగి, బండ మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, మణికట్టు మీద తెడ్డుతో కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

కాపలా తాత సుత్తి పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"వాణ్ణి తర్వాత చంపుదువుగానిరా! తమ్ముడు మునిగిపోతున్నాడు, పట్టు!"

ఇద్దరూ నీళ్ళలోకి దూకారు. ఒకరు తల ఎత్తిపట్టారు, ఒకరు చెక్కలు లాగుతున్నారు. అప్పుడు సరస్సంతా నిశ్శబ్దం అయిపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి ఒక ముసలి గొంతు పిలిచింది.

"రేకు ఆగిందేంటి? ఎవరున్నారక్కడ?"

అన్న ముఖం పాలిపోయింది. "నాన్న!" అన్నాడు. తమ్ముణ్ణి వదల్లేడు, రేకు దగ్గరికి వెళ్ళలేడు.

దరువు లేచాడు. రక్తం ఉమ్ముతూ, బండలు పట్టుకుంటూ రేవు చేరాడు. రెండు చేతులూ పడితే గానీ లేవని సుత్తి అది. కొట్టాడు. విరిగిన ఎముకలోంచి నొప్పి భుజం దాకా మండింది. ఐదు లెక్కపెట్టాడు, మళ్ళీ కొట్టాడు. ఆ ఖాళీలో ఏమీ వేయలేదు.

తడి తలతో పరుగున వచ్చిన అక్క అతని చెయ్యి చూసి ఘొల్లుమంది. "ఇలా ఇవ్వరా, నేను కొడతా!"

"వద్దక్కా. లెక్క తప్పితే ఇంకో పడవ పోతుంది."

ఒక పడవ వచ్చింది. ఇంకొకటి వచ్చింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే బండల వైపు పరుగెత్తారు. అందరికంటే చివర ముసలాయన వచ్చాడు. తాడు కట్టి, ఆయాసపడుతూ మెట్లెక్కి దరువు ఎదుట నిలబడ్డాడు. ఆ మంచులో ఆయన కళ్ళకి ఎదుటి మనిషి ముఖం మీద రక్తం కూడా సరిగ్గా ఆనలేదు.

"కొత్తవాడిలా ఉన్నావే. నిక్కచ్చిగా కొట్టావు బాబూ. నీ చెయ్యి చల్లగుండ! ఇక ఆపు, నేనే ఆఖరు. మా కొడుకులిద్దరూ ముందే వచ్చేసుంటారు."

బండల దగ్గర అన్న ఏడుపు మొదలైంది. తమ్ముడి తల ఎత్తిపట్టినవాళ్ళు ఇప్పుడు ఒంటిని ఎత్తి ఒడ్డున పడుకోబెడుతున్నారు. ముసలాయన ఇంకా వినలేదు. రేకు మోత ఆగితే వింటాడు.

"చాలు బాబూ, ఆపు," అన్నాడు ఆయన నవ్వుతూ.

దరువు ఐదు లెక్కపెట్టి మళ్ళీ కొట్టాడు.