పట్టుకునేవాళ్ళు

క్యాంటీన్‌లో మెత్తటి చాప పరుస్తున్నారు. ఒఫేలియా ఇంకా తీగ చుడుతూనే ఉంది. బయట అమెరికా ఎడారి ఊరు ఫీనిక్స్ ఎండకి తారు మెత్తబడుతుంటే, లోపల ఫ్యాక్టరీ ఏసీ చలికి లైన్ మీద పనిచేసే ఆడవాళ్ళంతా స్వెట్టర్లలో ఉన్నారు. వెంట్రుకంత తీగ, చివర గాలంలాంటి ముల్లు. పోలీసు ఈ కరెంటు తుపాకీ ట్రిగ్గర్ నొక్కితే రెండు ముళ్ళు ఎగిరి ఎదుటివాడి ఒంట్లో దిగుతాయి. తీగల వెంట కరెంటు పోతుంది. మనిషి కొయ్యబారి పడిపోతాడు, చావడు. డబ్బా మీద మొదట్లో "ప్రాణహాని లేనిది" అని ఉండేది. ఆమధ్య లాయర్లొచ్చి "ప్రాణహాని తక్కువ" అని మార్పించారు. కొత్త లేబుళ్ళు అంటించింది ఒఫేలియాయే. జిగురు మాత్రం పాతదే.

"ఒఫేలియా, రా! అతిథులొచ్చేశారు" అని కేకేశాడు సూపర్‌వైజరు డ్వేన్.

అతిథులంటే సరుకు కొనడానికొచ్చిన పోలీసు అధికారులు. వాళ్ళ ముందు, కొత్తగా చేరినవాళ్ళు చాప మీద నిలబడి ఒక దెబ్బ తినడం కంపెనీలో ఆచారం. దాని పేరు 'సవారీ', జాతరలో గుర్రమెక్కినట్టు. తర్వాత ఒక టీషర్టు, పిజ్జా. అంతా ఇష్టపూర్వకమే. ఇష్టం లేనివాళ్ళు ఆ పై నెల లైన్ మీద కనపడరు, అంతే.

పడే మనిషిని చెరో పక్క ఒకరు పట్టుకోవాలి. పట్టుకునేవాళ్ళు లేనిదే సవారీ లేదు, అది నిబంధన. ఏళ్ళుగా కుడి పక్క ఒఫేలియా, ఎడం పక్క నిడియా. కేకలు మొదట్లో వినిపించేవి. ఇప్పుడు ఒఫేలియా పడే మనిషిని ఒడిసి పట్టుకుంటూనే, పొద్దున బీన్స్ నానబోశానా లేదా అని ఆలోచించుకోగలదు.

ఇవాళ వంతు ఇట్సెల్‌ది. కొత్త పిల్ల.

"కాస్త నవ్వవే" అంది నిడియా. "అయిదే క్షణాలు. మా ఆయన సరసం కంటే ఒక్క క్షణం ఎక్కువ."

ఇట్సెల్ నవ్వలేదు. "మా అన్నని దీంతోనే కొట్టారక్కా. బస్టాపులో."

"బతికే ఉన్నాడుగా?" అంది ఒఫేలియా, అలవాటు కొద్దీ.

"ఉన్నాడు. కరెంటుకేం కాలేదు. కట్టెలా వెనక్కి పడ్డాడు, తల ఫుట్‌పాత్ అంచుకి కొట్టుకుంది. ఇప్పుడు మా అమ్మే తినిపిస్తుంది." తన మోచేతి మీదున్న ఒఫేలియా చేతిని చూసింది. "వాణ్ణి పట్టుకోడానికి ఎవరూ లేరు."

అవతల డ్వేన్ అతిథులకి చెబుతున్నాడు. "చూస్తూ ఉండండి. పడ్డ మనిషి నిమిషంలో లేచి నవ్వుతుంది. ఒంటి మీద గీత పడదు."

గీత ఎందుకు పడదో ఒఫేలియాకి ఇన్నేళ్ళూ తట్టలేదు. తన చేతులవంక చూసుకుంది. మెల్లగా తీసేసింది.

"నేను పట్టుకోను."

"ఏంటీ?" అన్నాడు డ్వేన్, ఇటు తిరిగి.

"పట్టుకోను సార్. వాళ్ళు కొనే డబ్బాలో నేను రానుగా."

డ్వేన్ అతిథుల కోసం నవ్వాడు. "మా ఒఫేలియాకి జోకులెక్కువ." తర్వాత దగ్గరికొచ్చి, పళ్ళు బిగించి అన్నాడు. "పట్టుకో."

ఒఫేలియా రెండు చేతులూ స్వెట్టర్ జేబుల్లో పెట్టుకుంది.

అందరి చూపూ ఎడం పక్కకి తిరిగింది. నిడియా చెయ్యి ఇంకా ఇట్సెల్ మోచేతి మీదే ఉంది. ఆ వేళ్ళు బిగుసుకోనూ లేదు, వదలనూ లేదు.