ఒకే రాతి జాలీ

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన పరశురాం కట్టిస్తున్న ఫంక్షన్ హాలు ముందు, మొగలుల మహళ్లలో ఉండేలాంటి చలువరాతి మంటపం లేస్తోంది. పూరేకుల్లా వంపులు తిరిగిన తోరణాలు, తెల్లరాతిలో పొదిగిన ఎర్రరాళ్ల పూలు అన్నీ చక్కగా కుదిరాయి. వెనకవైపు నిలబెట్టాల్సిన జాలీ, అంటే పూల చిల్లులతో చెక్కిన రాతి తెర, ఒక్కటే మిగిలింది.

దాని నమూనా గీసింది మెహనాజ్. చెక్కింది ఆమే, తండ్రి అజీముద్దీనూ. రెండు పలకలుగా చేద్దామని ఆయన మొదట్లోనే అన్నాడు. ఢిల్లీ కోటలో చలువరాతి జాలీ చూసొచ్చిన మెహనాజ్ వినలేదు. అతుకు కనబడకూడదని, ఒకే రాయి కావాలని పట్టుబట్టింది.

ఇప్పుడా జాలీ బెల్టులతో గొలుసు కప్పీకి వేలాడుతోంది. కింద నిలబడి దాన్ని గాడిలోకి మళ్లిస్తున్నది అజీముద్దీనే. జాలీలోంచి పడ్డ ఎండ ఆయన గడ్డం మీద పువ్వులై కదులుతోంది. మెహనాజ్ మాత్రం గొలుసు వంకే చూస్తోంది.

టిక్కుమని సన్నటి చప్పుడు. గొలుసుదో, రాతిదో ఆమెకు తెలియలేదు. ముహూర్తం దాటుతోందని పరశురాం తొందరపడుతున్నాడు. ఊరికే ఆపిస్తే అందరూ నవ్వుతారు. రాతిదే అయితే?

"అబ్బా, చెయ్యి తియ్. ఇవతలికి రా" అని తండ్రిని కేకేసింది.

"జానెడే ఉన్నది బిడ్డా. ఇప్పుడిడిస్తే స్తంభానికి కొట్టుకుంటది."

"పలిగితే పలగని. నువ్వు రా."

ఆమె గొంతులో ఏం విన్నాడో, వదిలేసి పక్కకు జరిగాడు. జాలీ ఊగి స్తంభానికి తగిలి నిలువునా విచ్చింది. ఒక సగం బెల్టుకు వేలాడింది. రెండో సగం ఆయన నిలబడ్డ చోటే పడి ముక్కలైంది.

పరశురాం పరుగున వచ్చి ముందు అజీముద్దీన్ కాళ్లు చూశాడు. దెబ్బ తగల్లేదని తేలాకే రాతి వంక చూశాడు. మిగిలిన సగం పనికొస్తుందని, నడుమ సన్నటి స్తంభం పెట్టి రెండో పలక కొత్తగా చెక్కుతామని మెహనాజ్ చెప్పింది. పరశురాం సరేనన్నాడు.

దుమ్ము దులుపుకుంటున్న తండ్రిని ఆమె అడిగింది. "ఒక్క రాయే కావాలన్నప్పుడు నన్నెందుకు ఆపలేదు అబ్బా?"

"నాక్కూడ చూడాలనుండె. ఒక్క రాయి, అంత పెద్ద జాలీ."

రెండో పలక ఎత్తిన రోజు ఆమె గొలుసునూ బెల్టులనూ తనే చూసుకుంది. కింద ఎవరినీ నిలబడనివ్వలేదు. దూరం నుంచి తాళ్లతోనే మళ్లించారు. పలక గాడిలో కూర్చున్నాక కూడా, పగుళ్ల కోసం ఆమె వేళ్లు దాన్ని చాలాసేపు తడుముతూనే ఉన్నాయి.