ముప్పై రెండు పొరలు

మంచుపలక మీదున్న మైనపు బిళ్లను తీసి కోత మిషనుకు బిగించి, ముఖం దగ్గరగా పెట్టి, దాని మీద ఒక్కసారి వెచ్చగా ఊదింది ఆవిడ. అలా ఊదితే మైనం కాస్త మెత్తబడి పొర చిరగకుండా వస్తుంది. ఆ తర్వాత మాత్రం ఊపిరి బిగపట్టాలి. వెంట్రుకను నిలువునా ఇరవై పాయలు చేస్తే ఒక పాయ ఎంతుంటుందో అంత పలుచని పొర. ముక్కుగాలి తగిలినా ఎగిరి ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ ఊదుతూ, బిగపడుతూ ఈ మిషను ముందే గడిపేసింది.

ల్యాబులో అందరూ ఆవిడను కత్తిపిన్ని అంటారు. నాలుక కత్తి అని కాదు. పాపం, రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. పొట్టి మనిషి, ముందుకు వంగిన భుజాలు, చక్రం తిప్పీ తిప్పీ ఎడమదానికంటే లావెక్కిన కుడి మణికట్టు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైనంలో పోతపోసి ఇస్తే, పొరలు కోసి గాజు స్లైడ్ల మీదికి ఎక్కించడం ఆవిడ పని. అది ఏ రోగమో చెప్పడం డాక్టర్ల పని. వాళ్ల పేర్లు కాగితాల మీద ఉంటాయి, ఈవిడ పేరు ఉండదు. అందుకు ఆవిడెప్పుడూ బాధపడలేదు.

ఈరోజు బిగించిన బిళ్ల మీద కూడా అన్నిటిలాగే పేరు లేదు, అంకె ఉంది. కాని ఆ అంకె ఎవరిదో ఆవిడకు తెలుసు. నాలుగు రోజుల క్రితం లోపల మొగుడికి సూదితో ముక్క తీస్తుంటే, బయట బెంచీ మీద కూర్చుని చేతిలో కాగితం మీదున్న ఆ అంకెనే వందసార్లు చదువుకుంది. సొంతవాళ్ల ముక్క సొంత చేత్తో కోయకూడదని ల్యాబులో నియమం. నోరు విప్పితే బిళ్ల రెండో మిషను ముందున్న కొత్తావిడకు పోతుంది. కొత్తావిడ మంచిదే, కాని చెయ్యి దుబారా. ముక్క చూస్తే బియ్యపుగింజ పొడవు కూడా లేదు, దానికంటే సన్నం. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందని పిన్ని ఎవరికీ చెప్పలేదు.

ఆయన దర్జీ. పదకొండు నెలల క్రితం ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. ఆ గడ్డలో ఫలానా తేడా ఉందని, సరిగ్గా ఆ తేడాకే తగిలే మాత్ర ఉందని రోజుకొకటి రాశారు. మూడు వారాలకల్లా ఆయాసం తగ్గి, మళ్లీ కుట్టుమిషను తొక్కాడు. "నాకు కొలతలు తీసి కుట్టారే ఈ మాత్రని" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోయాడు. గడ్డ సగానికి సగం కరిగింది. పోయిన నెల దగ్గు తిరగబెట్టింది. ఇప్పుడు మూడో అంతస్తు వార్డులో ముక్కుకు గొట్టంతో పడుకుని ఉన్నాడు, పక్కన ఆయన చెల్లెలుంది. ఈ ముక్కలో ఏం దొరుకుతుందో దాన్నిబట్టే రెండో మాత్ర. ముక్క చాలకపోతే మళ్లీ సూది గుచ్చాలి. దానికి తట్టుకునే ఊపిరి ఆయనకు లేదని వార్డు డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఇదే చాలదన్నట్టు పాత తప్పొకటి పిన్నిని తినేస్తోంది. మైక్రోస్కోపు దగ్గర కూర్చునే డాక్టరమ్మ కిందటివారం ఒక మాట చెప్పింది. "మందు గడ్డ ఒక్కదాన్నే కాదు పిన్నీ, దాని చుట్టుపక్కలని కూడా మార్చేస్తుంది." మొదట్లో ఒంటికి కాపలా కాసే కణాలు గడ్డలోకి దూరి కలబడతాయట. నెలలు గడిచేకొద్దీ ఆ చోటంతా నారలు పేరుకుని గట్టిపడుతుందట. కాపలా కణాల్లో కొన్ని గోడ మీద పిల్లుల్లా అటు దూకి గడ్డకే ఊడిగం చేస్తాయట. ఆ చాటున చావకుండా మిగిలిన గడ్డ కణాలు మళ్లీ తలెత్తుతాయట. అందుకని ప్రతి రోగిదీ మాత్రకు ముందు తీసిన ముక్కనూ, తర్వాత తీసిన ముక్కనూ చుట్టుపక్కలతో సహా పోల్చి చూస్తోంది డాక్టరమ్మ. ఆ మాట వినగానే పిన్ని పాత చిట్టా తీసి మొగుడి అంకె వెతికింది.

ఆయన మొదటి బిళ్లనూ తనే కోసింది, అప్పట్లో ఎవరిదో తెలియకుండా. గడ్డ నిండుగా కనబడేదాకా పైపొరలు గబగబా చెక్కి పారేయడం తనకు పాత అలవాటు. అందరూ గడ్డనే అడిగేవారు, చుట్టూ ఉన్నది ఎవరికి కావాలి? అలా ఆయన ముక్కలో చుట్టుపక్కలంతా మైనపు పొట్టుతో కలిసి చెత్తబుట్టలోకి పోయింది. ఇంటికొచ్చి ఏడిస్తే ఆయన నవ్వాడు. "లోపలి మడతకి గుడ్డ వదలకుండా కత్తిరిస్తే రేపు విప్పి లూజు చేయడానికి ఏముంటుందే?" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమనుకుంటూనే, ఈసారి ఒక్క పొర కూడా పారేయనని ఒట్టు పెట్టుకుంది. పొద్దున వార్డుకెళ్లి, ఇవాళ మీ ముక్కే కోస్తానని ఆయనకు చెప్పి మరీ వచ్చింది.

చక్రం తిరిగింది. ఒకటి, రెండు, మూడు. పొరలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి రిబ్బనులా జారుతుంటే కుంచెతో అందుకుని గోరువెచ్చని నీళ్ల తొట్టిలో తేల్చింది. పద్నాలుగో పొర దగ్గర సొరుగులో ఫోను గుర్రుమంది.

చెయ్యి ఆగబోయింది. ఆపితే బిళ్ల వేడెక్కుతుంది. తీసి చల్లబరిచి మళ్లీ బిగిస్తే వెంట్రుకంత వాలు మారుతుంది, ఆ వాలు సరిచేసేలోపు ఏడెనిమిది పొరలు పొట్టయిపోతాయి. అందులోనే రెండో మాత్ర ఉందేమో! ఫోను ఆడపడుచుదే అయ్యుంటుంది. ఆ మనిషికి కంగారెక్కువ, సెలైను సీసా అయిపోయినా ఫోను చేస్తుంది. పిన్ని అలా తనకు తాను నచ్చజెప్పుకుంది. ఫోను మళ్లీ మోగింది. ఇంకో పది పొరలు, అంతే, అనుకుంది. మూడోసారి మోగినప్పుడు ఇరవై రెండో పొర కత్తి మీద ఉంది. పిన్నికి భయమేసింది. భయమేస్తున్నా చెయ్యి వణకలేదు, అందుకు తన చేతి మీద తనకే కోపం వచ్చింది.

ముప్పై రెండో పొర తర్వాత ఖాళీ మైనం వచ్చింది. స్లైడ్లన్నిటికీ పెన్సిలుతో అంకెలు వేసి, వెచ్చటి పెట్టెలో సర్ది, అప్పుడు సొరుగు లాగింది. ఆరు పిలుపులు. లిఫ్టు రాలేదు. మెట్లెక్కింది.

ఆడపడుచు వార్డు గుమ్మంలోనే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. పదకొండుంబావుకి ఉన్నట్టుండి ఊపిరి అందలేదట, డాక్టర్లు వచ్చారట, చేయగలిగిందంతా చేశారట. "నేను నీకు ఫోను చేస్తుంటే అన్నయ్య వద్దన్నాడు వదినా. 'అది కోతలో ఉంటుంది, కదిలించకు' అన్నాడు. అదే ఆఖరి మాట."

గొట్టం అప్పటికే తీసేశారు. ముక్కు మీద దాని గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. పిన్ని మంచం అంచున కూర్చుంది. ఆ పద్దెనిమిది పొరలు వదిలేసి ఉంటే ఆయన చెయ్యి పట్టుకుని ఉండేది. ఆ సంగతి ఆవిడకు తెలుసు, ఇక బతికినన్నాళ్లూ తెలుస్తూనే ఉంటుంది. కింద స్లైడ్లు ఈపాటికి ఆరుతుంటాయి. వాటికి రంగులు వేస్తారు, ఆయన చుట్టుపక్కలను ఇంకెవరి చుట్టుపక్కలతోనో పోల్చి చూస్తారు. రెండో మాత్ర మాత్రం ఆయనకు ఎవరూ రాయరు. ఆవిడ ఆయన చెవి దగ్గరకు వంగింది.

"ముప్పై రెండు వచ్చాయండీ. ఒక్కటి కూడా పారేయలేదు."

మంచం ఖాళీ చేయాలని నర్సు మెల్లగా చెప్పింది. ఆడపడుచు ఆయన తల కింది దిండు తీయబోయి ఆగిపోయింది. పొద్దుటినుంచీ దీని అంచు ఊడిందని ఒకటే గోల, సూదీ దారం నా దగ్గర అడిగి తీసుకున్నాడు అంటూ ఏడ్చింది. దిండు గలీబు అంచున సగందాకా సన్నటి కుట్లున్నాయి. అవి ఆగినచోట గుడ్డలోనే గుచ్చి ఉంది సూది, దానికి జానెడు తెల్లదారం.